సొంతూరు అనే గడిలో నేను రాసింది

హోసూరులో అద్దె ఇంటి కోసం వెళ్తే ఇంటివాళ్ళు ముందు పేరు అడగరు. "నేటివ్ యాడ?" అని అడుగుతారు. అడిగే ఇంటావిడ నేటివ్ తిరుపత్తూరు. జవాబు చెప్పే ఫ్యాక్టరీ ఉద్యోగి నేటివ్ ఒడిశాలో ఎక్కడో. పక్కన నిలబడి వినే బ్రోకరు నేటివ్ కోలారు. ఆ వీధిలో పుట్టినవాళ్ళను చూడాలంటే ఉయ్యాలల్లో వెతకాలి.

ఒక్కొక్కరు ఆ మాటను ఒక్కో అవసరానికి వాడుకుంటారు. అద్దె ఎగ్గొట్టి పారిపోతే ఎక్కడ వెతకాలో తెలియడానికి ఇంటివాళ్ళు అడుగుతారు. పండక్కి ఎన్నాళ్ళు సెలవు పెడతాడో అంచనా కట్టడానికి ఫ్యాక్టరీలో అడుగుతారు. కులం నేరుగా అడగలేనివాళ్ళు కూడా అదే అడుగుతారు. ప్రభుత్వం ఎందుకు అడుగుతుందో మాత్రం ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నాకు సరిగా అర్థం కాలేదు. అయినా అడిగాను, అడగడమే నా ఉద్యోగం కనుక.

నేను గ్రామ పాలనాధికారిగా, అంటే వి.ఏ.ఓ.గా పనిచేసి రిటైరైన మనిషిని. మా నాయన కాలంలో ఇంచుమించు ఇదే పని చేసేవారిని కరణం అనేవాళ్ళు. అంచెట్టి కొండపల్లెల్లో మొదలుపెట్టి, మా కృష్ణగిరి జిల్లా పోచంపల్లి వైపు కొన్నేళ్ళు చేసి, చివరికి రాయకోట పక్కన ఒక ఊళ్ళో ముగించాను. ఈ మధ్యనే పరీక్ష పాసై ఉద్యోగంలో చేరిన పిల్లలు కొందరు వచ్చి, "మీ సర్వీసులో ఒక మంచి కేసు చెప్పండమ్మా" అని అడుగుతుంటారు. మంచి కేసులు మీకు మీ పై అధికారులు చెబుతారు, వద్దన్నా చెబుతారు. నేను చెడగొట్టిన కేసు చెబుతాను.

ముందు మావాళ్ళ సంగతి ఒకటి తెలియాలి. తమిళనాడు అంచున ఉన్న కృష్ణగిరి, హోసూరు చుట్టుపక్కల మెట్టభూముల్లో వందల ఏళ్ళుగా సేద్యం చేసుకుంటున్న తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ళలో ఏ పెద్దమనిషినైనా "మీ సొంతూరు యాడ?" అని అడిగి చూడండి. తాను పడుకుని లేచే ఊరి పేరు చెప్పడు. తన ఇలవేల్పు ఉన్న ఊరి పేరు చెబుతాడు. ఆ ఊరు ఉత్తరాన, ఆంధ్రాలో ఎక్కడో ఉంటుంది. దాన్ని ఆయన చూసి ఉండడు, వాళ్ళ నాయన చూసి ఉండడు, బస్సు ఎక్కడ మారాలో కూడా తెలియదు. కట్టుకున్న ఇల్లు, దున్నే చేను, తాతముత్తాతల సమాధులు ఉన్నది మాత్రం వట్టి "ఉండే ఊరు".

ఇది గొప్పకు చెప్పుకునే మాట కాదు, మర్యాదకు చెప్పే మాట. ఇలవేల్పును పక్కన పెట్టి "ఇదే మా ఊరు" అన్నవాణ్ణి వెనకాముందూ లేనివాడిగా చూస్తారు. మా ఇంట్లోనూ అంతే. చిన్నప్పుడు బళ్ళో టీచరు అడిగితే మా నాయన నేర్పిన పేరు గడగడా చెప్పాను. అది ఊరో, తాలూకానో, కొండో ఇప్పటికీ నాకు తెలియదు. అందుకని, ఆచారం తెలియక నేను తప్పు చేశానని మీరు అనుకోకూడదు. శుభ్రంగా తెలిసే చేశాను.

ఎందుకు చేశానంటే, నాకొక సూత్రం ఉండేది. అంచెట్టిలో నాకు పని నేర్పిన సీనియరు మొదటి రోజే చెప్పాడు: "వాళ్ళు చెప్పింది రాయి. నీ బుర్రలోంచి ఒక్క అక్షరం కూడా రాయకు. రాస్తే ఇరుక్కుంటావు." ఆ మాట పట్టుకుని సర్వీసంతా నెట్టుకొచ్చాను. నా సర్వీసు రిజిస్టరులో ఒక్క రిమార్కు కూడా పడలేదు. చెప్పినాయన మాత్రం రెండుసార్లు సస్పెండయ్యాడని తర్వాత తెలిసింది కానీ, అప్పటికి నాకు ఆ సూత్రం బాగా అలవాటైపోయింది.

ఇక కేసు. రిటైర్మెంటుకు ఎనిమిది నెలలు ఉందనగా ఒక అమ్మాయి నేటివిటీ సర్టిఫికెట్ కోసం దరఖాస్తు పెట్టింది. ఫలానా మనిషి ఈ రాష్ట్రానికి చెందినదే అని తాసిల్దారు ఆఫీసు ఇచ్చే కాగితం అది. ఇక్కడే చదివినవాళ్ళకు దాంతో పనిపడదు. రాష్ట్రం దాటి చదివి, మళ్ళీ ఇక్కడి కాలేజీలో సీటు అడిగేవాళ్ళకు కావాలి. ఈ అమ్మాయి రెండో తరగతి నుంచి పన్నెండు దాకా కర్ణాటకలో మేనమామ ఇంట్లో ఉండి కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ చదువుకుంది. ఇప్పుడు పశువైద్యం సీటు వచ్చేటట్టుంది. శుక్రవారం సాయంత్రం ఐదులోపల ఆ సర్టిఫికెట్ కంప్యూటర్లో పెట్టకపోతే సీటు ఇంకొకరికి పోతుంది.

ఆ అమ్మాయికి ఆ చదువు మీద పిచ్చి. పదో తరగతి సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు వాళ్ళ ఆవు ఈనలేక అవస్థ పడుతుంటే, డాక్టరు వచ్చేలోపల తానే మోచేతి దాకా చెయ్యి పెట్టి దూడను సరిచేసి లాగిందట. ఆవూ బతికింది, దూడా బతికింది. నేను విచారణకు వెళ్ళినప్పుడు ఆ దూడ పెద్ద పెయ్యై వాకిట్లో నిలబడి నా చీర కొంగు నమిలింది.

విచారణకు జవాబు చెప్పడానికి తాత కూర్చున్నాడు. ఉతికిన పంచె, భుజాన కొత్త తుండు. ఐదో తరగతి దాకా తెలుగు బళ్ళో చదివాడు. అరవం, కన్నడం రెండూ ధారాళంగా మాట్లాడతాడు కానీ చదవడం తెలుగు ఒక్కటే వచ్చు. పక్కన కోడలు, అంటే అమ్మాయి తల్లి. ఆ వెనక నాతో వచ్చిన మా ఊరి తలారి.

పేరు, వయసు, పట్టా నెంబరు అన్నీ అయ్యాయి. పూర్వీకం, అంటే సొంతూరు, అనే గడి దగ్గరికి వచ్చాను.

"సొంతూరు యాడప్పా?"

ఆయన తుండు సర్దుకున్నాడు. "మా సొంతూరు ఇది కాదమ్మా. పెనుగొండ దాటినాక ఉండాది. ఆడ మా అమ్మోరు ఉండాది. మావాళ్ళు ఏడు బండ్లు కట్టుకొని వచ్చినారు. ముందు బండిలో అమ్మోరి పెట్టె, ఎనక బండిలో విత్తనం రాగులు."

"ఎప్పుడొచ్చినారు?"

"అది నాకెట్లా తెలుస్తుందమ్మా? ఈ కోటలో రాజులుండేటప్పుడు."

కోడలికి కంగారు పుట్టింది. "మామా, ఆ కథంతా ఇప్పుడెందుకు? ఈడే పుట్టినాము, ఈడే ఉండాము అని చెప్పు, చాలు."

"పుట్టింది ఈడేనమ్మా, నేను కాదంటినా? ఆయమ్మ సొంతూరు కదా అడుగుతా ఉండాది!"

తలారి నా చెవి దగ్గరికి వంగాడు. "ఈ ఊరే అని రాసుకోండమ్మా. వీళ్ళ చేని గట్టురాయి ఆంధ్రా రాష్ట్రం కంటే పాతది."

ఆ ఆఫీసులో జీతం తీసుకునేవాళ్ళందరిలో తెలివైనవాడు తలారే. కానీ తలారి మాట విని రిపోర్టు రాయడం ఏ రూలులోనూ లేదు. "చెప్పింది రాయడమే నా పని" అన్నాను, కోడలికి కూడా వినబడేటట్టు. పెద్దాయన నన్ను మెచ్చుకున్నాడు. "అట్లా ఉండాల ఆఫీసరంటే. ఏడు బండ్లూ రాయండమ్మా, వదిలిపెట్టొద్దు." నేను ఏడు బండ్లూ రాశాను. అరవంలో, గుండ్రని అక్షరాలతో, పొరుగు రాష్ట్రం నుంచి ఏడు బండ్లతో వలస వచ్చిన కుటుంబం అని రాశాను. ఆయన కింద తెలుగులో పూర్తి పేరుతో సంతకం పెట్టాడు. నేను ఫోటో తీసి పైకి పంపాను.

నా పైన ఆర్.ఐ., అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, ఉండేది. మంచి మనిషి, తన ముందుకొచ్చిన ఫైళ్ళన్నిటినీ ఒక్క వేలితో ముందుకు తోసేది. చదువుతూ కూర్చుంటే తోయడం కుదరదు కదా అనేది. ఆమె తోసిన ఫైలు డిప్యూటీ తాసిల్దారు దగ్గర ఆగింది. ఆయన చదివే రకం. మంగళవారం పొద్దున దరఖాస్తు తిరస్కరించినట్టు మెసేజ్ వచ్చింది. కారణం, "పూర్వీకం పొరుగు రాష్ట్రం".

పరుగున తాలూకా ఆఫీసుకు వెళ్ళాను. ఈ డిప్యూటీ తాసిల్దారుది తిరునెల్వేలి వైపు. హోసూరులో స్థలం కొని ఇల్లు కట్టి, పిల్లలను ఇక్కడే కని, ఇక్కడే పెంచుతున్నాడు. పిల్లల బడి ఫారాల్లో మాత్రం సొంతూరు తిరునెల్వేలి దగ్గరి పల్లె. ఆ పల్లెకు వెళ్ళాలంటే ఒక పగలంతా బస్సులో కూర్చోవాలని ఆయనే గర్వంగా చెప్పేవాడు. నన్ను కూర్చోబెట్టి అరవంలో మర్యాదగా అడిగాడు.

"ఇది మీ రిపోర్టే కదమ్మా?"

"నాదే సార్."

"ఇందులో ఏడు బండ్లని ఉంది."

"ఉంది సార్."

"ఏడు బండ్లతో వలస వచ్చినవాళ్ళను ఈ రాష్ట్రం వాళ్ళని నేనెలా సంతకం పెట్టను?"

"వాళ్ళు వచ్చినప్పుడు ఈ రాష్ట్రం లేదు సార్."

"ఇప్పుడు ఉంది కదమ్మా" అన్నాడు.

ఉన్నమాటే. "దిద్ది మళ్ళీ పంపిస్తాను సార్" అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టాడు. దిద్దితే మొదటి రిపోర్టు తప్పని నేను ఒప్పుకున్నట్టట. తప్పు రిపోర్టు ఇచ్చినందుకు ఆయన నాకు మెమో ఇవ్వాలట. మొదటి రిపోర్టు సరైనదే అంటే అమ్మాయికి సర్టిఫికెట్ లేదట. "మీకు రిటైర్మెంటు ఎప్పుడు?" అని అడిగాడు. చెప్పాను. జాలిగా చూశాడు. "ఈ వయసులో మెమో ఎందుకమ్మా మీకు? ఒక పని చేయండి. ఈ కుటుంబం తమ ఊరిది కాదని ఆ ఆంధ్రా ఊరినుంచి ఒక కాగితం తెప్పించండి. వాళ్ళు కాదంటే మనం ఔనందాం."

"మెమో ఇవ్వండి సార్, దిద్దుతాను" అని ఆ పూట నేను ఒక్క ముక్క అని ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. అనలేదు. రిమార్కు లేని సర్వీసు రిజిస్టరు కళ్ళముందు కనబడింది. బయటికొచ్చి పెనుగొండకు బస్సులు ఎన్నింటికో కనుక్కున్నాను.

పెద్దాయనతో ముందు ఇంకో మాట అడిగి చూశాను. ఇదే మా సొంతూరని ఆఫీసుకొచ్చి ఒక్కసారి చెప్పండప్పా అన్నాను. ఆయన ససేమిరా అన్నాడు. "నా నోటితో నేనట్లా అంటే ఆడుండే అమ్మోరు ఏమనుకుంటాదమ్మా? మా నాయన అనలేదు, మా తాత అనలేదు." కాగితం కోసం ఆ ఊరికే వెళ్ళాలి అన్నప్పుడు మాత్రం ముఖం వెలిగిపోయింది. "అమ్మోరి దగ్గరకా? యాడ, ఎప్పుడు, ఎట్లా పోవాల?" అన్నాడు.

గురువారం తెల్లవారి బయలుదేరాము, పెద్దాయన, అమ్మాయి, నేను. ఆయన పెళ్ళికి వెళ్తున్నట్టు పట్టు అంచు పంచె కట్టాడు. ఒక సంచిలో రాగులు తెచ్చాడు. బెంగళూరులో బస్సు మారాలని కూడా ఆయనకు తెలియదు. అమ్మాయి ఫోను చూస్తూ దారి చెప్పింది.

"ఏం తాతా, సొంతూరు నీది, దారి నా ఫోనుకు తెలుసు" అంది. కోపంగా ఉందని గొంతులోనే తెలుస్తోంది. పెద్దాయన నవ్వి ఊరుకున్నాడు. నేను కూడా నవ్వినట్టు నటించాను. ఆ పిల్ల కోపం నామీదే ఉండాల్సిందని నాకు తెలుసు.

ఆ ఊరు మామూలు ఊరే. వేరుశెనగ చేలు, వీధిలో సిమెంటు రోడ్డు. గ్రామ సచివాలయంలో నాలాంటి ఉద్యోగమే చేసే ఒక యువకుడు కూర్చున్నాడు. మంచి మర్యాదస్తుడు, లేచి నిలబడి కుర్చీలు చూపించాడు. పెద్దాయన ఇంటిపేరు చెప్పి, ఏడు బండ్లతో మొదలుపెట్టి అంతా చెప్పాడు. ఆ యువకుడు శ్రద్ధగా విన్నాడు.

"మీరు తమిళ్‌నాడు వాళ్ళా? తెలుగు భలే నేర్చుకున్నారే!" అన్నాడు.

మెచ్చుకోలుగానే అన్నాడు పాపం. పెద్దాయన ముఖం నేను చూడలేకపోయాను. ఇంట్లో, చేలో, పశువులతో కూడా తెలుగే మాట్లాడిన మనిషి ఆయన. సంచి మూతి గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

కంప్యూటర్లో వెతికితే ఆ ఇంటిపేరుతో ఎవరూ లేరు. పాత పుస్తకాలు తీయించినా లేరు. నాకు లోపల సంతోషమేసింది. "అయితే వీళ్ళు ఈ ఊరివాళ్ళు కారని ఒక కాగితం రాసివ్వండప్పా" అన్నాను.

"ఎట్లా రాసిచ్చేది మేడమ్? ఉండేవాళ్ళకు ఇచ్చేదానికి ఫారం ఉంది. లేనివాళ్ళకు ఫారం లేదు. లేనివాళ్ళందరికీ ఇయ్యాలంటే, దేశమంతా ఈ ఊర్లో లేనివాళ్ళే కదా."

నేను ముప్పై ఏళ్ళు జనానికి చెప్పిన జవాబులన్నీ ఒక్కసారిగా నాకు తిరిగి చెప్పినట్టయింది. ఆ అబ్బాయిని తప్పుపట్టడానికి లేదు, అతని స్థానంలో నేనున్నా అదే అనేదాన్ని, ఇంకాస్త విసుగ్గా అనేదాన్ని. టీ తెప్పించి పంపించాడు.

అమ్మోరి గుడి ఊరి బయట ఉంది. చిన్న గది, ముందు రేకుల పందిరి. పూజారి రాగుల సంచి తీసుకుని అమ్మోరి ముందు పెట్టాడు. పళ్ళెం పట్టుకుని, అందరినీ అడిగినట్టే అడిగాడు.

"పేర్లు చెప్పండి. ఏ ఊరు మీది?"

పెద్దాయన నోరు తెరిచి ఆగిపోయాడు. ఎనభైకి దగ్గరపడిన మనిషి, ఆ ప్రశ్నకు జీవితమంతా ఒకటే జవాబు చెప్పినవాడు. ఆ జవాబు ఇక్కడ చెల్లదు, ఆ ఊళ్ళోనే నిలబడి ఉన్నాడు మరి. పూజారి పళ్ళెంలో కర్పూరం మండిపోతోంది. అమ్మాయి తాత చేయి పట్టుకుంది. అప్పుడు ఆయన చిన్న గొంతుతో, "రాయకోట పక్కన" అని, తన ఊరి పేరు చెప్పాడు. పూజారి ఆ పేరు కలిపి మంత్రం చదివాడు. నేను పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

తిరుగు బస్సు బెంగళూరు దగ్గరపడ్డాక ఆయన నావైపు తిరిగాడు. "అమ్మోరి ముందర నిలబెట్టి యా ఊరని అడిగినారు కదమ్మా. ఆడ ఎవరికీ మేము గుర్తు లేదు. ఆమె ముందరే చెప్పేసినాను, ఇంక ఎవరి ముందరైనా చెప్తాను. రేపు ఆఫీసుకు వస్తాను." ఆ మాట చెప్పడానికి ఆయన ఎంత పోగొట్టుకున్నాడో నాకు ఆ పూట కొంచెం తెలిసింది. కేసు గట్టెక్కుతుందన్న సంతోషం దాన్ని కప్పేసింది.

శుక్రవారం మూడు గంటలకు డిప్యూటీ తాసిల్దారు ముందు ముగ్గురం నిలబడ్డాము. తర్వాత అమ్మాయిని ఎదురుగా ఉన్న ఇ-సేవా కేంద్రంలో కూర్చోబెట్టాము, కాగితం రాగానే ఎక్కించడానికి. ఆంధ్రా కాగితం తేలేదని విని అధికారి పెదవి విరిచాడు.

"నా సొంతూరు ఇదేనప్పా. నేను పుట్టింది, పెరిగింది, మావాళ్ళను పూడ్చింది అంతా ఈడే" అని పెద్దాయన అరవంలో చెప్పాడు. తడబడకుండా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు.

"చాలా సంతోషం" అన్నాడు అధికారి. "కానీ ఫైలులో ఇంకో వాంగ్మూలం ఉంది. ఒక మనిషికి రెండు నిజాలు ఉండవు. కొత్తది నిజమైతే పాతది తప్పు. ఆ తప్పు ఎవరిదో కాగితం మీద ఉండాలి. మీదా, ఆయనదా?"

ఇది అడిగి, నన్ను చూశాడు. ఇబ్బంది పెట్టాలని కాదు, ఫైలు అలా నడుస్తుంది. గోడ గడియారం మూడున్నర దాటింది. నేను తెల్లకాగితం తీసుకుని అరవంలో కొత్త వాంగ్మూలం రాశాను. ఆయన చెప్పిన ఊరి పేరు రాశాను, పుట్టింది పెరిగింది రాశాను. దాని కింద, ఆయన మాటగా, ఇంకో వాక్యం రాశాను: "ముందు విచారణలో నేను నిజం కాని సమాచారం ఇచ్చాను, అందుకు క్షమించగలరు." ఆ మాట ఆయన అనలేదు. ఎవరూ చెప్పకుండా, నా బుర్రలోంచి నేను సర్వీసులో రాసిన మొదటి వాక్యం అదే.

పెద్దాయన అద్దాలు పెట్టుకుని ఆ అరవం అక్షరాల వైపు చూశాడు. "ఏం రాసినారమ్మా?"

"మీ ఊరు రాసినానప్పా" అన్నాను.

ఆయన తెలుగులో పూర్తి పేరు రాసి సంతకం పెట్టాడు. చివర చుక్క కూడా మరిచిపోలేదు.

నాలుగుంబావుకు సర్టిఫికెట్ వచ్చింది. అమ్మాయి ఎక్కించింది, సీటు వచ్చింది. నెల తిరక్కుండా మా ఇంటికి ఒక బస్తా అనపకాయలు పంపారు. నా రిటైర్మెంటు సభలో డిప్యూటీ తాసిల్దారు మాట్లాడుతూ, ఇంత కాలంలో ఒక్క రిమార్కు లేని రిజిస్టరు తన చేతులమీదుగా మూయడం అదృష్టమన్నాడు. పెద్దాయన కూడా వచ్చాడు. ఈయమ్మ నన్ను మా అమ్మోరి దగ్గరికి పిలుచుకొనిపోయింది అని దొరికినవాళ్ళందరికీ చెప్పాడు. నాకు సిగ్గేసింది. సిగ్గుపడుతూనే పూలదండ వేయించుకున్నాను, స్వీటు తిన్నాను, గ్రూపు ఫోటోలో ఆయన పక్కనే నిలబడ్డాను.

ఇదంతా అక్కడితో అయిపోయిందని అనుకున్నాను. మూడేళ్ళ తర్వాత, ఈ మధ్యనే, ఆ అమ్మాయి కృష్ణగిరిలో మా ఇంటి తలుపు తట్టింది. పొడుగైంది. కాఫీ ఇస్తే తాగలేదు. సంచిలోంచి ఒక జిరాక్సు తీసి నా ముందు పెట్టింది. అది నేను రాసిన ఆ రెండో వాంగ్మూలమే. పిల్లల సర్టిఫికెట్లు సరైనవో కావో చూడమని కాలేజీ వాళ్ళు తాలూకా ఆఫీసుకు రాస్తే, ఆఫీసు వాళ్ళు ఫైలంతా పంపారట.

"క్లర్కు అందరి ముందర చదివినాడమ్మా. మీ తాత అబద్ధం చెప్పి సర్టిఫికెట్ తీసుకున్నాడా అని అడిగినాడు. నేను కాగితం తీసుకొని నేనే చదివినాను. హాస్టల్లో ఉండి అరవం చదివేది బాగా నేర్చుకున్నాను. నేర్చుకోకపోయింటే బాగుండేది."

"సీటుకేమన్నా ఇబ్బందా?"

"సీటుకేం కాలేదు. సర్టిఫికెట్ సరైందే కదా. తప్పంతా తాతది కదా." ఆ కాగితం మీద వేలు పెట్టింది. "సంతకం తాతది. చేవ్రాత మీది."

ఔనన్నాను. ఎందుకు రాశానో కూడా చెప్పాను, మెమో, రిజిస్టరు, ఎనిమిది నెలలు, అన్నీ. చెబుతుంటే నాకే ఎంత చిన్న కారణంగా ఉందో అనిపించింది. అమ్మాయి అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. "తాతకు చెప్పినావా?" అని అడిగాను.

"లేదు. రాసినోళ్ళే చెప్పాల" అని లేచి వెళ్ళిపోయింది.

నాలుగు రోజులు వాయిదా వేశాను, ఆ విద్య మా శాఖలో అందరికీ వచ్చు. ఐదో రోజు రాయకోట బస్సెక్కాను. పెద్దాయన వాకిట్లో కూర్చుని రాగి కంకుల్లోంచి విత్తనానికి మంచివి ఏరుతున్నాడు. నన్ను చూసి లేవబోయాడు. కూర్చోమని, ఎదురుగా నేలమీదే కూర్చుని అంతా చెప్పాను. అయిపోయాక చేతిలోని కంకి కింద పెట్టాడు.

"నేను అబద్ధం చెప్పినానని రాసినారా?"

"ఔనప్పా."

"నేను ఏం అబద్ధం చెప్పినానమ్మా?"

ఏడు బండ్లు అబద్ధం కాదు, పెనుగొండ అవతలి అమ్మోరు అబద్ధం కాదు, రాయకోట పక్కన పుట్టడం అబద్ధం కాదు. "ఏమీ లేదప్పా" అన్నాను.

"మరి దిద్దండి."

"ఇప్పుడు నాకు కుర్చీ లేదప్పా. రిటైరైపోయినాను."

"కుర్చీ ఉండేటప్పుడు దిద్దలేదు కదమ్మా మీరు." ఈ మాట కోపంగా అనలేదు. లెక్క సరిచూసుకున్నట్టు అన్నాడు. కాసేపు కంకులు ఏరాడు. తర్వాత, "చెయ్యి ఉండాది కదా, రాయండి. ఈ తూరి తెలుగులో రాయండి. నేను చదివే సంతకం పెడ్తాను" అన్నాడు.

ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలూ, మీకోసమని మొదలుపెట్టాను కానీ, ఇది మొదట ఆయన చదవడానికి రాసింది. ఆఫీసు ఫైలులో ఏముందో అదే ఉంటుంది, దాన్ని నేను మార్చలేను. నేను రాయగలిగింది ఇది: ఆ విచారణలోనూ, ఆ శుక్రవారమూ, ఆయన నాకు చెప్పినదంతా నిజం. అబద్ధం రాసింది నేను, ఆయన చేత దానికింద సంతకం పెట్టించిందీ నేనే. రేపు పొద్దున ఈ కాగితాలు తీసుకుని ఆయన దగ్గరికి వెళ్తున్నాను. ఆయన చదివి ఎక్కడ దిద్దమంటే అక్కడ దిద్దుతాను.